న్యూ హోప్ చేతి సైగలు

షికాగో,
1962 ఫిబ్రవరి 11

ఒజెల్లక్కా,

ఈ ఉత్తరం గుమ్మంలో నిలబడి చదవకు. కుర్చీ లాక్కుని కూర్చో, కాఫీ పెట్టుకో. చెడ్డ వార్తేమీ లేదు, ముగ్గురం బాగానే ఉన్నాం. నీకు కోపం వచ్చే వార్త ఒకటుంది, అంతే.

కోపం రానివి ముందు రాస్తాను. నువ్వు పంపిన పెకాన్ పప్పులు అందాయి. సగం నీ మరిది రోస్కోనే తినేశాడు. ఆయనకి బస్సు రూటు మార్చారు, ఇప్పుడు మన బెతెల్ గ్రోవ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళంతా ఆయన బస్సే ఎక్కుతున్నారు. "దిగాల్సిన చోట దిగరు, కబుర్లు చెప్పుకుంటూ డిపో దాకా వచ్చేస్తారు" అని విసుక్కుంటాడు గానీ, ఇంటికొచ్చాక ఆ కబుర్లన్నీ పూసగుచ్చినట్టు నాకు చెబుతాడు.

ఇక అసలు సంగతి, వీనీ చదువు. ఇక్కడ మన నల్లపిల్లల బడులు కిక్కిరిసిపోయి రెండు షిఫ్టులు పెట్టారని రాశాను కదా, సగం మంది పొద్దున, సగం మంది మధ్యాహ్నం. వీనీది మధ్యాహ్నం షిఫ్టు. నేను ఆరింటికే ఆసుపత్రి లాండ్రీకి వెళ్ళిపోతాను. పొద్దున్నంతా కింది వాటా ముసలావిడ దాన్ని టీవీ ముందు కూర్చోబెడుతుంది. ఐదేళ్ళకే నీ బైబిల్లో కీర్తనలు గడగడా చదివిన పిల్ల, ఏడేళ్ళు వచ్చేసరికి సబ్బు ప్రకటనలన్నీ కంఠతా చెబుతోంది, రెండో ఎక్కం అడిగితే పైకప్పు చూస్తోంది. తరగతిలో నలభై ఎనిమిది మంది. టీచరమ్మకి దీని పేరు కూడా రాదు, "ఏయ్, నీలం గౌను" అంటుందట. మొన్న అన్నం తింటూ "అమ్మా, నేను తెలివైనదాన్నా, మామూలుదాన్నా?" అని అడిగింది. గిన్నెలు తోమే వంకతో లేచిపోయి ఏడ్చానక్కా.

నాలుగు వీధుల అవతల సెయింట్ క్రిస్పిన్ అని ఒక బడి ఉంది. క్యాథలిక్కులది. (లేచావా? కూర్చో.) రోజంతా చదువు, ఒక్కటే షిఫ్టు. ఆ చుట్టుపక్కల తెల్లవాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని ఊరి చివరికి పోతున్నారు కాబట్టి మన పిల్లలకి సీట్లు దొరుకుతున్నాయి. పెద్ద టీచరు సిస్టర్ బెర్నార్డా అనే సన్యాసిని. మతం మారక్కర్లేదని ఆవిడే చెప్పారు. కానీ ప్రతి ఆదివారం ముగ్గురం వాళ్ళ పూజలో కూర్చోవాలి, మంగళవారం సాయంత్రం తల్లిదండ్రులకి వాళ్ళ మతం గురించి పాఠం. ఇష్టమైతే ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి ఖాయం చెయ్యాలి. వాళ్ళ పూజ ఎనిమిదింటికి, ఇక్కడి మన బాప్తిస్టు చర్చి పదకొండింటికి. రెండింటికీ వెళ్తాం.

వీనీకి అమ్మ పేరు పెట్టేటప్పుడు కూడా నిన్ను అడిగే పెట్టాను. ఇప్పుడూ నువ్వు సరేనంటేనే నాకు మనసు కుదుటపడుతుంది. సరేనని రాయి.

నీ తిట్ల కోసం ఎదురుచూస్తూ,
వెర్నీస్


బెతెల్ గ్రోవ్, మిసిసిపీ,
ఫిబ్రవరి 19

వెర్నీసూ,

కూర్చునే చదివాను. చదివాక లేచాను.

వాళ్ళ వీధిలో మనకి ఇల్లు అద్దెకివ్వరు, బళ్ళో సీటు మాత్రం ఇస్తారా? నాకు అర్థమైంది ఏమిటంటే, వాళ్ళు పోతూ పోతూ వదిలేసిన కుర్చీల్లో నువ్వు మన పిల్లని కూర్చోబెడుతున్నావు. పైగా అర్థంకాని లాటిన్లో పూజ. మన పాస్టరు పిట్‌మన్ గారు ప్రసంగం చెబుతుంటే మాటమాటకీ "ఆమెన్", "చెప్పండి పాస్టరు గారూ" అని అరిచే మనిషి నా మరిది. నోరెత్తకుండా గంటసేపు కూర్చోమంటే గురక పెడతాడు. చూస్తూ ఉండు.

వీనీ పోయిన జూలైలో ఇక్కడున్న నెల రోజుల్లో ఏం నేర్చుకుందో మర్చిపోయావా? మన న్యూ హోప్ చర్చిలో జనాన్ని కూర్చోబెట్టే అషర్లకి నేను అధ్యక్షురాలినై పద్దెనిమిదేళ్ళు. ప్రార్థన జరుగుతుంటే నోరు విప్పకూడదు, అన్నీ చేతి సైగలతోనే జరగాలి. ఆ సైగలన్నీ నేర్చుకోవడానికి పెద్దవాళ్ళకే ఏడాది పడుతుంది, వీనీ మూడు వారాల్లో పట్టేసింది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి పెట్టి, కుడికాలు ముందేసి అది నడిచి వస్తుంటే, మీ హోసియా బావ మంగలి షాపు మూసేసి మరీ చూడ్డానికి వచ్చాడు. అలాంటి పిల్ల మామూలుదవుతుందా? ఆ ప్రశ్నకి నువ్వు లేచిపోవడమేమిటి, అక్కడే చెప్పొద్దూ?

ఆగస్టులో మన చర్చి ఉజ్జీవ కూటాలు జరిగేనాటికి దానికి ఎనిమిదేళ్ళు వస్తాయి. అమ్మా, మనిద్దరం మునిగి బాప్తిస్మం తీసుకున్న వాగులోనే అదీ మునగాలి. ఈలోగా వాళ్ళ బాప్తిస్మమని దాని నెత్తిన ఎవరైనా మూడు చుక్కల నీళ్ళు చల్లారంటే నేను ఊరుకోను.

నువ్వు ఊరు వదిలి తొమ్మిదేళ్ళయినా ఆ ఊళ్ళో ఏ చర్చిలోనూ సభ్యురాలిగా చేరడానికి బదిలీ పత్రం అడగలేదు. నీ పేరు ఇప్పటికీ ఇక్కడి సంఘం పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం రాసేది నేనే కాబట్టి ఈ మాట అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. నా గొప్ప తియ్యకు. ఆలోచిస్తున్నాను, నా ఆలోచన పూర్తయ్యేదాకా దేని మీదా సంతకం పెట్టకు.

అక్క


బెతెల్ గ్రోవ్,
మార్చి 13

చెల్లాయ్,

దీనితో పాటు పార్సెల్లో మూడు సబ్బు కడ్డీలు పంపుతున్నాను. నేనే కాచాను, ఎంత మొండి మురికైనా పోతుంది. పౌండ్ కేకు కూడా పెట్టాను.

ఎందుకని అడక్కు. సరే, చెబుతాను. మన ఊరి యూలా టేట్ తన కొడుకుని చూడ్డానికి షికాగో వచ్చి నిన్ననే తిరిగొచ్చింది. పోయిన బుధవారం మీ ఆయన బస్సెక్కిందట. "నుదుటి మీద ఇంత మసి పెట్టుకుని బస్సు నడుపుతున్నాడు ఒజెల్లా! అడుగుదామంటే సిగ్గేసింది పాపం. వెనక సీట్లో ఇంకో ఇద్దరికి కూడా అలాగే ఉంది. ఆ ఊళ్ళో నీళ్ళు రావేమో" అని చర్చి మెట్ల మీద నిలబడి పదిమందికీ వినిపించేలా చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ అపార్ట్‌మెంటులో వేడినీళ్ళు ఆపేశారా? బాయిలరు పాడైందా? రోస్కో బస్సుతో పాటు బొగ్గు పని కూడా చేస్తున్నాడా? కష్టంలో ఉంటే అక్కకి చెప్పుకోవాలి గానీ, ముఖం కడుక్కోకుండా తిరుగుతారా ఎవరైనా? బడి గురించి నేనేమైనా అన్నది మనసులో పెట్టుకోకు. పిల్లకి స్నానం చేయించు.

ఒజెల్లా


షికాగో,
మార్చి 19

అక్కా,

నువ్వు పంపిన సబ్బు చూసి నేను నవ్వుతూనే ఉన్నాను, రోస్కో మాత్రం రెండు రోజులుగా నవ్వడం లేదు.

నీళ్ళకేం లోటు లేదు. ఆ బుధవారం భస్మ బుధవారం, ఈస్టరు ముందు వాళ్ళ ఉపవాస కాలం మొదలయ్యే రోజు. సిస్టర్ గారు రమ్మన్నారని పనిలోకి పోయే ముందు, తెల్లవారుజామునే సెయింట్ క్రిస్పిన్‌కి వెళ్ళాం. కాసేపటికి జనం వరసవరసగా లేచి ముందుకి నడవడం మొదలుపెట్టారు. నీ మరిది అది చూసి, మన చర్చిలోలాగే కానుక వెయ్యడానికి బల్ల దగ్గరికి వెళ్తున్నారనుకున్నాడు. "మనం వెనకబడితే బాప్తిస్టులు పిసినారులంటారు" అని నా చెవిలో గొణిగి, జేబులోంచి డాలరు తీసి, కోటు సర్దుకుని వరసలో నిలబడ్డాడు. ముందుకెళ్ళి డాలరు చాచాడు. ఫాదర్ హాలిగన్ గారు డాలరు వైపు చూడనేలేదు, బొటనవేలితో నుదుటి మీద బూడిద అద్దేశారు. డాలరు అలాగే చేతిలో పట్టుకుని తిరిగొచ్చి, "నా జన్మలో నా డబ్బు వద్దన్న చర్చి ఇదొక్కటే" అన్నాడు. తుడుచుకుంటే బాగుండదేమోనని అలాగే డ్యూటీకి వెళ్ళాడు. అదీ జరిగింది. యూలాకి చెప్పు.

పూజ గురించి నువ్వన్నదీ నిజమే, మొదటి వారం గురక పెట్టాడు. ఇప్పుడు మెలకువగానే ఉంటున్నాడు. నలభై నిమిషాల్లో అయిపోతుందని ఆయనకి మహా ఇష్టం. శుక్రవారం మాంసం తినకూడదు, చేపలే తినాలని మంగళవారం పాఠంలో చెబితే, "శుక్రవారం చేపల వేపుడు తినడమే అయితే మేం పుట్టుకతోనే క్యాథలిక్కులం" అన్నాడు. సిస్టర్ గారు నవ్వు ఆపుకోలేక గుడ్డతో మూతి మూసుకున్నారు.

నవ్వురాని సంగతి కూడా ఒకటి రాయాలి. మేం మూడో వరసలో కూర్చుంటాం. మేం కూర్చోగానే మా వరస ఖాళీ అయిపోతుంది. ఎవరూ ఏమీ అనరు, మర్యాదగా లేచి వెనక్కి పోయి నిలబడతారు. రోస్కో కాళ్ళు చాపుకుని "చోటు బాగుంది" అంటాడు. వీనీ మాత్రం ఆ ఖాళీ వైపే చూస్తూ ఉంటుంది.

ఇంకా మేమెవరమూ మారలేదు, మారం కూడా. నాకు కావలసింది ఆ పిల్లకి రోజంతా బడి. నీ ఆలోచన పూర్తయిందా?

నీ
వెర్నీస్


బెతెల్ గ్రోవ్,
మార్చి 26

వెర్నీస్ గారికి,

మసే అయితే బాగుండేది. సబ్బుతో పోయేది.

ఐదు ఆదివారాలు వాళ్ళ పూజ, నాలుగు మంగళవారాలు వాళ్ళ పాఠం, నుదుటి మీద బూడిద. ఇంతా చేసి మారలేదంటావు. మారినవాళ్ళు ఇంకెలా ఉంటారో నాకు తెలీదు. నేను ఆలోచిస్తున్నానని రాశాను, నువ్వు ఆగలేదు. నేను సబ్బు కాస్తుంటే నువ్వు అక్కడ నవ్వుకున్నావు. పక్కన కూర్చోవడానికి కూడా ఇష్టపడనివాళ్ళ మధ్యకి అమ్మ పేరు పెట్టుకున్న పిల్లని తీసుకెళ్తున్నావు, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

న్యూ హోప్ సంఘం ఎవరినీ పట్టుకుని వేలాడదు. బదిలీ పత్రం జతచేశాను, ముద్ర వేశాను. "ఏ సంఘానికి" అన్నచోట ఖాళీ వదిలాను, నీకు నచ్చిన పేరు రాసుకోవచ్చు. శ్మశానంలో అమ్మ పక్కన నీ కోసం ఉంచిన చోటు గురించి కూడా ఇకమీదట బెంగ అక్కర్లేదు. అది సంఘం సభ్యులకి మాత్రమే.

ఇట్లు,
ఒజెల్లా గ్రీర్, సంఘం గుమాస్తా


షికాగో,
ఏప్రిల్ 4

అక్కా,

పత్రం అందింది. నీ చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

రోస్కోకి చూపించలేదు. చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ ఉన్నట్టుండి గుర్తొస్తుంది, చేతులు ఆగిపోతాయి. అమ్మ పోయాక నా జడ వేసింది నువ్వు, నన్ను రైలెక్కించింది నువ్వు. నువ్వు పేరు కొట్టేస్తే నేనెక్కడి దాన్నని చెప్పుకోవాలి?

మట్టల ఆదివారం పూజ అయ్యాక సిస్టర్ గారితో సీటు వద్దని చెప్పేస్తాను. నువ్వు గెలిచావు. వీనీకి ఇంకా చెప్పలేదు, చెప్పే ధైర్యం రాలేదు.

సబ్బు మంచిదే. నురగ బాగా వస్తోంది.

వెర్నీస్


షికాగో,
ఏప్రిల్ 16

ఒజెల్లక్కా,

కూర్చో. ఈసారి కోపం కోసం చెప్పడం లేదు, నవ్వితే పడిపోతావని.

నిన్న మట్టల ఆదివారం. గుడి కిటకిటలాడిపోయింది. గోడల వెంబడి, వెనక తలుపు దాకా జనం మట్టలు పట్టుకుని నిలబడ్డారు. మా వరసలో మాత్రం షరా మామూలే, మేం ముగ్గురం, పక్కన ఖాళీ. నేను సిస్టర్ గారితో ఏమని చెప్పాలా అని మనసులో మాటలు కూడబలుక్కుంటున్నాను, పూజ మీద ధ్యాస లేదు.

నీకు తెలీనిది ఒకటి చెప్పాలి. వాళ్ళ ఫాదర్ గారు మనకి వీపు పెట్టి పూజ చేస్తారు. మధ్యమధ్యలో మన వైపు తిరిగి, రెండు చేతులూ విప్పి, మళ్ళీ కలిపి, అటు తిరిగిపోతారు. అది వాళ్ళ దీవెన. కానీ మన న్యూ హోప్‌లో పాస్టరు గారు రెండు చేతులూ అలా విప్పితే ఏమిటర్థం? "అషర్లు ముందుకి రండి" అని కదా! వీనీ మొదటి ఆదివారం నుంచీ చూస్తోందట. "పాపం ఆయన ప్రతి వారం ఇన్నిసార్లు పిలుస్తున్నాడు, ఒక్కరూ పోరేంటమ్మా" అని నాతో ఒకసారి అంది కూడా. నేను పరాకుగా ఊఁ అన్నాను.

నిన్న ఫాదర్ గారు తిరిగి చేతులు విప్పగానే పక్కన చూస్తే పిల్ల లేదు. మధ్య దారిలో ఉంది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి, కుడికాలు ముందు, నువ్వు నేర్పిన నడక, నిదానంగా, తల తిప్పకుండా. ముందు దాకా వెళ్ళి, ఆయనకి తల వంచి, చక్కగా జనం వైపు తిరిగి నిలబడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. రోస్కో లేవబోయి, మళ్ళీ కూర్చుని "ఆగు, చూద్దాం" అన్నాడు.

అది వెనక తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళని చూసింది. కుడి చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించి, అరచెయ్యి మా వరస వైపు తిప్పింది. మూడు సీట్లున్నాయి, రండి. ఎవరూ కదల్లేదు. నీ శిష్యురాలికి చెయ్యి దించడం తెలీదు కదా, పిలిచినవాళ్ళు కూర్చునేదాకా దించకూడదని నువ్వే నేర్పావు. అలాగే ఎత్తి ఉంచింది. ఎంతసేపో నాకు తెలీదు. చివరికి చేతికర్ర పట్టుకున్న ఒక ఐరిష్ ముసలావిడ, ఆవిడ వెనకే ఇద్దరు కొడుకులు, నడిచొచ్చి నా పక్కన కూర్చున్నారు. ముసలావిడ నా వైపు వంగి "కాళ్ళు లాగేస్తున్నాయమ్మా, చోటుందని ఇంతసేపూ తెలీలేదు" అంది. తెలీకేం, కళ్ళెదురుగానే ఉంది. అయినా నేను జరిగి ఆవిడకి చోటిచ్చాను.

ఆ తర్వాత వీనీ మిగతా వరసల్లో సందులు చూపించి ఇంకో ఏడుగురిని కూర్చోబెట్టింది. ఫాదర్ గారు తిరిగిన ప్రతిసారీ ఆయనకి తల ఊపి "అయింది" అని సైగ చేసింది. ఆయన ముఖం ఎర్రబడింది, కోపమో నవ్వో తెలీలేదు.

పూజ అయ్యాక సిస్టర్ బెర్నార్డా గారు పిలిచారు. సరే, వద్దని నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే చెబుతారనుకున్నాను. "ఈ అమ్మాయికి ఇది ఎవరు నేర్పారు?" అన్నారు. మా అక్క, మిసిసిపీలో, అన్నాను. "చిన్న తరగతులన్నీ కలిపి నా యాభై రెండు మంది పిల్లల్ని బడి నుంచి గుడికి అరవకుండా నడిపించలేక ఇరవై ఏళ్ళుగా గొంతు పోగొట్టుకుంటున్నాను. ఆ సైగలు మాకు నేర్పుతుందా?" అన్నారు. వీనీ "కాగితం కావాలి" అంది. నా చేతిసంచిలో నీ పత్రం తప్ప ఇంకో కాగితం లేదు. నేను వద్దనేలోపే అది లాక్కుని, వెనక వైపు ముఖ్యమైన ఆరు సైగలకి బొమ్మలేసింది. పైన పెద్ద అక్షరాలతో "న్యూ హోప్ అషర్లు. అధ్యక్షురాలు: మా పెద్దమ్మ ఒజెల్లా" అని రాసింది. సిస్టర్ గారు దాన్ని బడి వసారా గోడకి తగిలించేశారు. నీ రాత, నీ ముద్ర గోడ వైపు ఉన్నాయి. బొమ్మలు అందరికీ కనిపిస్తున్నాయి.

సీటు ఖాయం చేశాను అక్కా. ఈసారి నిన్ను అడగలేదు. ఇంటికొస్తూ వీనీ "నేను మామూలుదాన్ని కాదు కదమ్మా" అంది. కాదు అని అక్కడే చెప్పాను, నడివీధిలో. నువ్వు చెప్పమన్నట్టే.

పేరు పుస్తకంలో ఉన్నా లేకపోయినా, నీ చెల్లెలు,
వెర్నీస్


బెతెల్ గ్రోవ్,
ఏప్రిల్ 24

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం చదివి, ఆగలేక మంగలి షాపుకి పరిగెత్తి, బావకి బిగ్గరగా చదివి వినిపించాను. కుర్చీలో సగం గడ్డం గీయించుకుని మన సంఘం పెద్ద, డీకన్ బర్డెట్ గారు ఉన్నారన్న సంగతి చూసుకోలేదు. నవ్వీ నవ్వీ ఆయన గడ్డం మీద నురగ బావ చొక్కా మీద పడింది. తర్వాత నవ్వు ఆపి, "ఒజెల్లా, అదేం పత్రం? మనం ఎప్పుడు ఓటేశాం?" అన్నారు.

ఓటూ లేదు, పాడూ లేదు. బదిలీ పత్రం ఇవ్వాలంటే సంఘమంతా కూడి చేతులెత్తాలని నీకూ తెలుసు, బాధలో నువ్వూ మర్చిపోయావు. నేనొక్కదాన్నే వంటింట్లో కూర్చుని రాసి, ముద్ర గుద్దేశాను. నీ పేరు కొట్టేద్దామని పుస్తకం కూడా తెరిచాను. పన్నెండో పేజీలో అమ్మ పేరు, దాని కింద నీ పేరు. అది నీ బాప్తిస్మం రోజున అమ్మే తన చేత్తో రాసింది, ఆ వంకర అక్షరాలతో. కలం మూసేశాను. ఆ సంగతి నీకు రాయాలని మూడు ఉత్తరాలు మొదలుపెట్టి మూడూ పొయ్యిలో వేశాను. పెద్దదాన్ని కదా, తప్పు ఒప్పుకోవడం ఆలస్యమవుతుంది. నన్ను క్షమించు.

ఆ పత్రాన్ని తెచ్చి సంఘం ముందు చింపాలని డీకన్ గారు తీర్పు చెప్పారు. గోడ మీంచి తీసి పంపించమని రాద్దామనుకున్నాను. కానీ పిల్ల బొమ్మలున్న కాగితాన్ని నేను చింపను, వేరే ఏదైనా శిక్ష వెయ్యమన్నాను. మూడు వారాలు అషర్ల చేతి తొడుగులన్నీ నేనే ఉతికి ఇస్త్రీ చెయ్యాలట. చేస్తాను.

అయితే రాత్రి పడుకుంటే ఒకటే దిగులు. మూడో సైగలో వీనీ వెనక పెట్టింది ఎడమ చెయ్యేనా? బొమ్మలో కుడి చెయ్యి వేసిందంటే యాభై రెండు మంది క్యాథలిక్కు పిల్లలు న్యూ హోప్ పేరు మీద తప్పు చేస్తారు. అది నేను చూసుకోవాలి. శుక్రవారం రైలెక్కుతున్నాను, శనివారం పొద్దున రోస్కోని స్టేషనుకి పంపు. ముఖం కడుక్కుని రమ్మను. వీనీకి తెల్లటి తొడుగులు కుట్టాను, దాని చేతికి సరిపోయేంత చిన్నవి, నావి కూడా తెస్తున్నాను.

ఆదివారం ఎనిమిదింటికి మీతో వస్తాను. కానీ ఇప్పుడే చెబుతున్నాను, నేను వాళ్ళ బల్ల మీద కూర్చోను, మోకాళ్ళూ వంచను. వెనక తలుపు దగ్గర నిలబడతాను. లోపలికొచ్చే ప్రతివాళ్ళనీ నీ వరసలోకే పంపిస్తాను.

అక్క